సూత్రానికి ముందు భావన: భిన్నాల పాఠాన్ని ఆరో తరగతిలో అంచెలంచెలుగా చెప్పే పద్ధతి

1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్ష ఒకటి పెట్టి, 13 ఏళ్ల పిల్లలను ఇలా అడిగారు: 12/13 + 7/8 విలువ దేనికి దగ్గరగా ఉంటుంది? 1, 2, 19, 21 అని నాలుగు జవాబులు ఇచ్చారు. ఇందులో లెక్క చేసే పనే లేదు. మొదటిది దాదాపు ఒకటి, రెండోదీ దాదాపు ఒకటే, కలిపితే రెండుకు దగ్గర. 2 అని పెట్టినవాళ్లు 24 శాతం మందే. 28 శాతం 19 అన్నారు, 27 శాతం 21 అన్నారు. అంటే సగానికి పైగా పిల్లలకు అక్కడ కనిపించినవి పై అంకెలు, కింది అంకెలు మాత్రమే. 12/13 అనే సంఖ్య వాళ్ల కంటికి ఆనలేదు.

ఈ ప్రశ్నను మీ తరగతిలో బోర్డు మీద రాసి చూడండి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టి 187/104 అని చక్కగా తేల్చే పిల్లలు ఉంటారు. అది రెండుకు దగ్గరా, పంతొమ్మిదికి దగ్గరా అని అడగ్గానే వాళ్లలోనూ కొందరు తడబడతారు. రిచర్డ్ స్కెంప్ అనే బ్రిటిష్ గణిత విద్యావేత్త 1976లో ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. ఏం చేయాలో తెలియడం ఒక రకం అవగాహన, ఏం చేయాలో తెలిసి అది ఎందుకో కూడా తెలియడం ఇంకో రకం. బట్టీ వద్దని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానమూ చెప్పింది. శిక్షణ తరగతుల్లో మనమూ తలలూపి వచ్చాం. సోమవారం మూడో పీరియడ్‌లో సరిగ్గా ఏం చేయాలన్నది మాత్రం ఎవరికి వాళ్లం తేల్చుకోవాల్సిందే. ఇక్కడ ఒక్క పాఠాన్నే, భిన్నాలనే, తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తాను. ఎనిమిది తొమ్మిది పీరియడ్ల పని ఇది. ఐదో తరగతికీ సరిపోతుంది.

ముందు మీరు రాసుకోవాల్సింది

పాఠ్యప్రణాళికలో "విద్యార్థులు భిన్నాలను అవగాహన చేసుకుంటారు" అని రాస్తే అధికారులు సంతకం పెడతారు, మనకు ఒరిగేది లేదు. దాని బదులు ఈ పాఠం అయ్యాక పిల్లల బుర్రలో నిలవాల్సిన భావనలేమిటో మామూలు మాటల్లో, పూర్తి వాక్యాల్లో రాయండి. భిన్నాలకు నేను రాసుకునేవి ఇవి:

ఏదైనా ఒక మొత్తాన్ని సమాన భాగాలు చేస్తేనే భిన్నం పుడుతుంది. కింది అంకె ముక్క సైజు చెబుతుంది, పై అంకె అలాంటి ముక్కలు ఎన్నో చెబుతుంది. ఏ మొత్తంలో భాగమో చెప్పకుండా భిన్నాలను పోల్చలేం. భిన్నం కూడా ఒక సంఖ్యే, సంఖ్యారేఖ మీద దానికి ఒక చోటు ఉంది.

ఈ నాలుగే. సమాన భిన్నాలు, సజాతి విజాతి భిన్నాలు, క్రమ అపక్రమ భిన్నాలు, కూడికలు, తీసివేతలు అన్నీ వీటిలోంచే వస్తాయి. నాలుగు దాటి రాసుకున్నారంటే భావనల్లోకి సూత్రాలు వచ్చి చేరాయని అర్థం. "హారాలు వేరైతే క.సా.గు. తీసుకోవాలి" అనేది పద్ధతి. ముక్కల సైజు ఒకటి కాకపోతే లెక్కపెట్టలేం అనేది దాని వెనక ఉన్న భావన. పిల్లలకు రెండోది తెలిస్తే మొదటిది వాళ్లే అడుగుతారు.

మొదటి పీరియడ్: సరిదిద్దకుండా చూడటం

చిన్న చీటీలు ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. 1/3, 1/4లలో ఏది పెద్దది, ఎందుకు? ఒక దీర్ఘచతురస్రాన్ని ఎగుడుదిగుడుగా మూడు ముక్కలు చేసి ఒకదానికి రంగు వేశాను, అది 1/3 అవుతుందా? 1/2కి 1/3 కలిపితే ఒకటి కంటే ఎక్కువ వస్తుందా, తక్కువా? మూడో దానికి జవాబు కట్టొద్దు, ఊహించి రాయమనండి. పేరు రాయనక్కర్లేదంటే ఇంకా నిజాయితీగా రాస్తారు.

చీటీలు తీసుకున్నాక తప్పొప్పులు చెప్పకండి. మన వృత్తిలో ఇది చాలా కష్టమైన పని, ఎర్ర పెన్ను ఊరుకోదు. స్టాఫ్‌రూములో కూర్చుని చీటీలను కారణాన్ని బట్టి కుప్పలు పెట్టండి. "4 పెద్దది కాబట్టి 1/4 పెద్దది" అన్నవాళ్లు ఒక కుప్ప. జవాబు సరిగా రాసి కారణం దగ్గర "సార్ చెప్పారు" అనో "కింద చిన్నదుంటే పెద్దది" అనో రాసినవాళ్లు ఇంకో కుప్ప. ముక్క సైజు గురించి మాట్లాడినవాళ్లు మూడో కుప్ప. మీరు ఎక్కువ శ్రమ పడాల్సింది రెండో కుప్పతో. మార్కులు బాగానే వస్తాయి కనుక వీళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు.

రెండో అంచె: అవునన్న కార్డులు, కాదన్న కార్డులు

నిర్వచనం చెప్పి ఉదాహరణలు ఇవ్వడం మనకు అలవాటు. ఇక్కడ దాన్ని తిరగేయాలి. పాత క్యాలెండర్ల వెనక వైపు పది పన్నెండు బొమ్మలు గీయండి, ప్రతి దాంట్లోనూ కొంత భాగానికి రంగు వేయండి. బోర్డు మీద ఒక గీత గీసి ఒక వైపు "పావు", ఇంకో వైపు "పావు కాదు" అని రాయండి. మొదటి నాలుగైదు కార్డులు మీరే అంటించండి, ఎందుకో చెప్పకుండా. మిగతావి ఎటు పోతాయో పిల్లలు తేల్చాలి, కారణం కూడా వాళ్లే చెప్పాలి.

కార్డులు ఎంచుకోవడంలోనే ఉంది పనితనమంతా. నాలుగు సమాన నిలువు పట్టీల్లో ఒకదానికి రంగు: ఇది అందరికీ తేలికే. నాలుగు ఎగుడుదిగుడు పట్టీల్లో ఒకదానికి రంగు: కాదు. ఎనిమిది చింతగింజల బొమ్మలో రెండింటి చుట్టూ సున్నా: అవును, అయినా కొందరు "ఎనిమిదున్నాయి కదా" అంటారు. నాలుగు గళ్ల చతురస్రంలో రెండు వేర్వేరు గళ్లకు సగం సగం రంగు: అవును, రంగు ఒకేచోట ఉండాలన్న అపోహ ఇక్కడ పోతుంది.

వీటన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటుంది. చతురస్రం కాని ఒక దీర్ఘచతురస్రం గీసి, రెండు కర్ణాలూ కలపండి. నాలుగు త్రిభుజాలు వస్తాయి. పైన కింద ఉన్నవి పొట్టిగా వెడల్పుగా, పక్కన ఉన్నవి సన్నగా పొడుగ్గా కనిపిస్తాయి. పక్కదానికి రంగు వేసి అడగండి: ఇది పావేనా?

తరగతి రెండుగా చీలుతుంది. "కాదు మేడం, అది సన్నగా ఉంది" అనేవాళ్లే ఎక్కువ. తేల్చేయకండి. జంటకొక కాగితం ఇచ్చి గీసి కత్తిరించమనండి. ఒకదాని మీద ఒకటి పెడతారు, సరిపోవు. "చూశారా, కాదు" అంటారు. అప్పుడు ఒక్క మాట అనండి: "ఒక్కో త్రిభుజాన్ని సరిగ్గా మధ్యలో మడిచి కత్తిరించండి." పొట్టిదాన్ని మడిచి కత్తిరిస్తే రెండు లంబకోణ త్రిభుజాలు. పొడుగుదాన్ని అలాగే చేస్తే మళ్లీ రెండు. ఇప్పుడు ఎనిమిది ముక్కల్లో ఏ రెండింటిని తిప్పి, బోర్లించి పెట్టినా ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చుంటాయి. పొట్టి త్రిభుజంలో రెండు, పొడుగు త్రిభుజంలో అవే రెండు. సమానమంటే ఆకారం ఒకటే కావడం కాదు, పరిమాణం ఒకటే కావడం అని ఇక మీరు చెప్పక్కర్లేదు. ఈ కార్డు ఒక్కటే అర పీరియడ్ తింటుంది, తిననివ్వండి. ఏడో తరగతిలో వైశాల్యాల దగ్గర వడ్డీతో తిరిగొస్తుంది.

కార్డులు అయ్యాక "పావు అంటే ఏమిటో మీ మాటల్లో రాయండి" అనండి. నాలుగైదు వాక్యాలు బోర్డు మీదికి ఎక్కించి, వాటిలో లోపాలు ఏ కార్డు బయటపెడుతుందో వాళ్లనే వెతకమనండి. "నాలుగు భాగాల్లో ఒకటి" అని ఒకడు చెబితే, "ఆ ఎగుడుదిగుడు కార్డులోనూ నాలుగు భాగాల్లో ఒకటే కదరా" అని పక్కవాడు అందుకుంటాడు. నిర్వచనం ఇలా తయారవ్వాలి.

మూడో అంచె: 24 సెంటీమీటర్ల పట్టీలు

భిన్నాలకు రొట్టెలు, పిజ్జాలు, గుండ్రటి బొమ్మలు గీయడం అన్ని పుస్తకాల్లోనూ ఉంది. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. వృత్తాన్ని మూడు భాగాలు చేయడం పెద్దవాళ్లకే కుదరదు, ఐదు భాగాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా రెండు వృత్తాలు పక్కపక్కన పెడితే సంఖ్యారేఖ రాదు. పట్టీలైతే ఒకదాని పక్కన ఒకటి పెట్టగానే కూడిక కనిపిస్తుంది.

చార్టు కాగితాన్ని 24 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. జంటకు ఆరేడు పట్టీలు చాలు. 24 ఎందుకంటే సగాలు 12, మూడోవంతులు 8, పావులు 6, ఆరోవంతులు 4, ఎనిమిదోవంతులు 3, పన్నెండోవంతులు 2 సెం.మీ. వస్తాయి. అన్నీ పూర్ణ సంఖ్యలే, స్కేలుతో గీయడం తేలిక. ఒక పట్టీ ముట్టుకోకుండా ఉంచాలి, అదే "ఒకటి". మిగతావాటి మీద గీతలు గీసి ఒక్కో రకానికి ఒక్కో రంగు వేయాలి. సగాలు, పావులు, ఎనిమిదోవంతులు మడతలతోనే వస్తాయి. మూడోవంతుల దగ్గర మడత మొరాయిస్తుంది, స్కేలు తీయాల్సిందే. ఆ మొరాయింపు కూడా మంచిదే.

ఇప్పుడు చూడండి, మాట్లాడండి అనండి. పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చితే ముక్కలు ఎక్కువయ్యేకొద్దీ సైజు తగ్గడం కంటికే తెలుస్తుంది. "4 పెద్దది కాబట్టి 1/4 పెద్దది" అన్న పిల్లలు ఇక్కడ వాళ్లంతట వాళ్లే మాట మార్చుకుంటారు. ఎవరు మార్చుకున్నారో పేరు పెట్టి అనకండి. సగానికి సరిపోయే ముక్కలు ఎన్నెన్ని రకాలుగా వస్తాయో వెతకమంటే రెండు పావులు, మూడు ఆరోవంతులు, నాలుగు ఎనిమిదోవంతులు, ఆరు పన్నెండోవంతులు అని జాబితా కడతారు. సమాన భిన్నాలు అనే మాట ఇంకా ఎత్తొద్దు.

ఈ అంచెలో ఎక్కువగా ఓపిక పట్టాల్సింది మనమే. ప్రశ్న వేశాక టీచర్లు సగటున సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవూ అవుతాయి, బలపడతాయి కూడా అని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో అమెరికా తరగతి గదుల్ని రికార్డు చేసి చూపించింది. మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. నలభై మంది మీ మొహంలోకి చూస్తుంటే అది చాలా పెద్దది. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి.

దేనిలో పావు?

పట్టీలతో ఒక చిక్కుంది. "ఒకటి" ఎప్పుడూ 24 సెంటీమీటర్లే కాబట్టి మొత్తం మారుతుందన్న స్పృహ పోతుంది. అందుకని ఒక పీరియడ్ బయటి కొలతలకు వదలండి. పావుకిలో పచ్చిమిర్చి పెద్దదా, అరకిలోలో సగం పచ్చిమిర్చి పెద్దదా? పావు ఎకరం ఎక్కువా, సగం సెంటు ఎక్కువా? సగం పావు కంటే ఎప్పుడూ పెద్దదేనని ధీమాగా ఉన్న పిల్లలు రెండో ప్రశ్న దగ్గర నవ్వుతారు. భూమి లెక్క పల్లె పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

భూమి లెక్కలో ఇంకో లాభం ఉంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. పావు ఎకరమంటే ఇక్కడ 10 గుంటలు, అక్కడ 25 సెంట్లు. నేల అంతే ఉంది, 10/40 అన్నా 25/100 అన్నా 1/4 అన్నా అదే. సరిహద్దు మండలాల్లో అయితే పిల్లల ఇళ్లలోనే రెండు లెక్కలూ నడుస్తుంటాయి. పది గుంటల్ని సెంట్లలో చెప్పమని, యాభై సెంట్లను గుంటల్లో చెప్పమని అడగండి. లవాన్ని, హారాన్ని ఒకే సంఖ్యతో గుణించాలన్న నియమం చెప్పకముందే సమాన భిన్నాలు వాళ్ల నోటి నుంచి వస్తాయి.

తాడు

భిన్నమంటే ముక్క అని మాత్రమే తెలిసిన పిల్లలకు 5/4 ఒక వింత. "నాలుగు ముక్కలు చేసి ఐదు ఎలా తీస్తాం సార్?" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. ముక్కల బొమ్మతో దానికి జవాబు లేదు, సంఖ్యారేఖతో ఉంది.

రెండు కిటికీల మధ్య తాడు కట్టండి. 0, 1, 2, 3 కార్డులను బట్టల క్లిప్పులతో తగిలించండి, ఒక్కో అంకెకూ మధ్య 120 సెం.మీ. ఉండేలా. 120 ఎందుకో ఈసారికి పిల్లలే చెబుతారు. ఐదోవంతులు కూడా 24 సెం.మీ. చొప్పున వస్తాయి. 120 సెం.మీ. పురికొస ముక్క ఒకటి ఇస్తే దాన్ని మడతపెట్టి కొలుచుకుంటారు.

ఒక్కొక్కరినీ పిలిచి కార్డు ఇవ్వండి: 1/2, 3/4, 2/5, 5/4, 7/3, 6/6. తగిలించిన చోటు సరైనదో కాదో మీరు చెప్పకండి, తరగతి చెప్పాలి. 5/4 దగ్గర గట్టిగా వాదన జరుగుతుంది. ఎవరో ఒకరు సున్నా దగ్గర్నుంచి పావు, రెండు పావులు, మూడు పావులు, నాలుగు పావులు అని అడుగులు వేసుకుంటూ వెళ్లి ఒకటి దాటి ఇంకో పావు వేస్తారు. అపక్రమ భిన్నం వచ్చేసింది. 6/6 కార్డు పట్టుకున్న పిల్ల ఒకటి మీదే తగిలించి, రెండు కార్డులు ఒకేచోట ఉండొచ్చా అని అడుగుతుంది.

గడియారం ఇక్కడ పనికొస్తుంది. "పావుతక్కువ మూడు" కార్డు ఎక్కడ తగిలించాలి? "రెండుంపావు"? మిశ్రమ భిన్నాలు పిల్లలు రోజూ పలుకుతున్నవే, తాడు మీద చోటు చూపించడమే మిగిలింది. తాడు అలా వేలాడుతూనే ఉండనివ్వండి. తర్వాతి పాఠాల్లో పదిసార్లు దాని దగ్గరికే వెళ్తారు.

పేర్లు, గుర్తులు

ఇప్పుడు లవం, హారం చెప్పండి. సమాన భిన్నాలు, క్రమ, అపక్రమ, మిశ్రమ అన్నీ ఒకే పీరియడ్‌లో అయిపోతాయి, ఎందుకంటే పేరు పెట్టాల్సిన వస్తువు అప్పటికే చేతిలో ఉంది. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వాడే బళ్లలో న్యూమరేటర్, డినామినేటర్ కూడా ఈ రోజే చెప్పేయండి. ఇంగ్లీషు మీడియం తరగతి అయినా పట్టీల దగ్గర, తాడు దగ్గర పిల్లల్ని తెలుగులోనే వాదించుకోనివ్వాలని నా అభిప్రాయం. తెలియని భాషలో తెలియని భావన ఎక్కదు.

చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తుగా రాయడం అన్న ఈ వరస కొత్తదేమీ కాదు. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960ల్లో చెప్పిందే, తర్వాత సింగపూర్ తన లెక్కల పాఠాలన్నిటినీ దాని మీదే కట్టింది. మనం మొదటి రెండూ ఎగ్గొట్టి మూడోదానితో మొదలుపెడుతున్నాం.

కూడిక: 2/5 వచ్చినప్పుడు

సజాతి భిన్నాలతో మొదలుపెట్టి మాటల్లో చదివించండి. 3/8 + 2/8ని "మూడు ఎనిమిదోవంతులు, రెండు ఎనిమిదోవంతులు" అని చదివితే ఐదు ఎనిమిదోవంతులని ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది. "మూడు బై ఎనిమిది ప్లస్ రెండు బై ఎనిమిది" అని చదివారా, 5/16 రాయడానికి పెన్ను సిద్ధమవుతుంది.

తర్వాత 1/2 + 1/3. లెక్క చేయకముందు ఊహించమనండి: ఒకటి కంటే తక్కువా, ఎక్కువా? సగం కంటే? ఊహలు బోర్డు మూలన రాసి ఉంచండి. చేయనిస్తే 2/5 వస్తుంది, తప్పకుండా వస్తుంది. "తప్పు, క.సా.గు. తీసుకో" అంటే పాఠం అక్కడితో చచ్చిపోతుంది. "సరే, 2/5ని తాడు మీద పెట్టు" అనండి. 48 సెం.మీ. దగ్గర తగిలిస్తాడు. సగం 60 సెం.మీ. దగ్గర ఉంది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంట్రా?" ఇక వాడు ఊరుకోడు.

తెలివైన పిల్ల ఒకతె ఇలా అడిగే అవకాశం కూడా ఉంది, సిద్ధంగా ఉండండి: "సార్, రెండు మార్కుల ప్రశ్నకి ఒకటి వచ్చింది, మూడు మార్కుల ప్రశ్నకి ఒకటి వచ్చింది. మొత్తం ఐదుకి రెండే కదా?" ఆమె చెప్పింది నిజమే. మార్కులు అలాగే కూడతాం. తేడా ఎక్కడుందంటే అక్కడ మొదటి "ఒకటి" రెండు మార్కుల ప్రశ్న, రెండో "ఒకటి" మూడు మార్కుల ప్రశ్న, చివరి "ఒకటి" ఐదు మార్కుల పేపరు. మూడుచోట్లా మొత్తం వేరు. తాడు మీద ఒకటి మారదు. "అలా కాదమ్మా, కూర్చో" అనేస్తే ఏ మొత్తంలో భాగమో చెప్పాలన్న మూడో భావనకు దొరికిన అతి మంచి ఉదాహరణ చేజారుతుంది.

ఆ తర్వాత పట్టీలు. సగం 12 సెం.మీ., మూడోవంతు 8 సెం.మీ., పక్కపక్కన పెడితే 20. దీనికి పేరేమిటి? సగాలతో కొలవలేం, మూడోవంతులతో కొలవలేం. ఆరోవంతుల పట్టీ కింద పెడితే సరిగ్గా ఐదు. ఎనిమిదోవంతులతో ప్రయత్నించి విఫలమైనవాళ్లని, పన్నెండోవంతులతో పది వచ్చినవాళ్లని కూడా బోర్డు దగ్గరికి పిలవండి. 6, 12 ఎందుకు పనికొచ్చాయి, 8 ఎందుకు రాలేదు? ఇక్కడ క.సా.గు. తనంతట తానే తలుపు తడుతుంది.

కొత్త చోట పెట్టి చూడటం

చెప్పిన లెక్కే మళ్లీ చేయించి చూస్తే జ్ఞాపకం బయటపడుతుంది, భావన కాదు. తరగతిలో కనపడని చోట దాన్ని పెట్టాలి. ఒక పరీక్షలో 20కి 15, ఇంకో పరీక్షలో 25కి 18 వస్తే ఎందులో బాగా రాసినట్టు? "రెండోదాంట్లో, 18 వచ్చాయి కదా" అన్నవాడిని మళ్లీ పట్టీల దగ్గరికి పంపండి.

క్రికెట్ ఇంకా మంచిది. 12.3 ఓవర్లు అంటే ఎన్ని ఓవర్లు? పన్నెండున్నర. బిందువు తర్వాత 3 ఉంటే సగం ఎలా అయింది? ఓవరుకు ఆరు బంతులు, అందులో మూడు. 12.6 అని స్కోరుబోర్డు ఎందుకు చూపించదు? దశాంశాల పాఠం వచ్చినప్పుడు ఇదే ప్రశ్నను "కాదు" కార్డుగా వాడుకోవచ్చు.

పరీక్ష, నోటుబుక్కు, సిలబస్

స్లిప్ టెస్టులో కూడికలు ఐదిచ్చే బదులు రెండిచ్చి, మిగతావి ఇలా మార్చండి: జవాబు 5/6 వచ్చేలా ఒక కథ లెక్క తయారుచెయ్యి. ఒక పిల్లవాడు 2/3 + 1/4 = 3/7 అని రాశాడు, అది తప్పని లెక్క చేయకుండా ఎలా చెబుతావు? 3/7 సగం కంటే తక్కువ, 2/3 సగం కంటే ఎక్కువ అని పట్టుకున్న పిల్లవాడికి పాఠం అందింది. 11/12 కన్నా పెద్దది, ఒకటి కన్నా చిన్నది అయిన భిన్నం ఒకటి రాయి. మార్కులు వేయడం తేలికే, కారణానికి ఒకటి, జవాబుకు ఒకటి.

అభ్యాసం వద్దని నేను అనడం లేదు. ఎక్కాలు నోటికి రావాలి, లేకపోతే క.సా.గు. దగ్గర భావన ఉన్న పిల్లవాడు కూడా కూలబడతాడు. పుస్తకంలోని అభ్యాసాలు చేయించాలి, కాకపోతే తాడు, పట్టీల తర్వాత. అప్పుడవి చకచకా అయిపోతాయి, మొదట పోయిన పీరియడ్లలో కొన్ని ఇక్కడ తిరిగొస్తాయి.

టైము మరీ తక్కువగా ఉంటే కొలతల పీరియడ్‌ని తాడులో కలిపేయండి, కార్డులు ఆరుకు తగ్గించండి. తాడు, పట్టీలు మాత్రం వదలొద్దు. నోటుబుక్కు ఖాళీగా ఉందని తల్లిదండ్రులు అడిగితే పట్టీల బొమ్మ గీయించి కింద మూడు వాక్యాలు రాయించండి, అదీ నోట్సే. ఏకోపాధ్యాయ బడిలో నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో ఉంటే పట్టీల పని ఇద్దరికీ ఒకటే ఇచ్చి, కూడిక అయిదో తరగతికి మాత్రమే పెట్టండి. మొదటి రోజు మూడు ప్రశ్నలు చివరి రోజు మళ్లీ ఇచ్చి, రెండు చీటీల కుప్పలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరిని ఇంకో రెండు రోజులు దగ్గర కూర్చోబెట్టుకోవాలో తెలుస్తుంది.

వేరే పాఠాలకు కూడా ఇదే వరస పనిచేస్తుంది. సైన్సులో తేలడం, మునగడం చెప్పేటప్పుడు "బరువైనవి మునుగుతాయి" అన్న నమ్మకాన్ని ముందు చీటీల మీదికి తెచ్చి, గుండుసూది, పెద్ద దుంగ, మూత బిగించిన ఖాళీ స్టీలు డబ్బా, అదే డబ్బా ఇసుకతో నింపి, బకెట్టు నీళ్లలో వేయించండి. సాంద్రత అనే పేరు ఆ తర్వాత రోజు చెప్పొచ్చు.

పట్టీలను రబ్బరు బ్యాండు వేసి, తరగతి పేరు రాసిన కవర్లో దాచండి. భాగహారం వచ్చినప్పుడు "సగంలో పావులు ఎన్ని?" అని వాటితోనే మొదలుపెట్టాలి. దశాంశాలకు మాత్రం 24 పనికిరాదు. దర్జీ దగ్గర దొరికే 150 సెం.మీ. టేపును 100 దగ్గర కత్తిరించి, ఒకటి ఇప్పుడే సిద్ధం చేసుకోండి.